జరీ పొట్ట చుట్టుకొలత

నేను ఒక టైలరు టేపును. ఏదో ఫ్యాక్టరీలో ఒంటినిండా అంకెలు అచ్చేసి, చివర్లకు ఇత్తడి తొడిగి బజారుకు తోలారు. అప్పటినుంచీ నా కాపురం చీరాలలో, మస్తానమ్మ మెడలో.

ఆడవాళ్ళ నడుములు నాకు తెలిసినంతగా వాళ్ళ మొగుళ్ళకు కూడా తెలియవు. మస్తానమ్మ నన్ను కాస్త బిగించి లాగి, "ఎక్కడ లావయ్యావమ్మా, పోయినేడాది కొలతే!" అంటుంది. జాకెట్టు మాత్రం వదులుగానే కుడుతుంది. ఇద్దరికీ సంతోషమే.

ఆమె పిల్లి జరీకి పొట్ట పెరిగేసరికి, అది కడుపుతో ఉందని వీధి వీధంతా తేల్చేసింది. పక్కింటి కోటేశ్వరి సీమంతం చెయ్యాల్సిందేనని గాజులు తెచ్చింది, ఎండుచేపలు మేపింది. పట్టుముక్కతో చొక్కా కుడదామని నన్ను జరీకి చుట్టారు. పొట్ట గుమ్మడికాయంత ఉంది, వీపు మీద ఎముకలు తేలాయి.

"కడుపుతో ఉన్నది ఇట్టా చిక్కిపోద్దా, కోటేశ్వరీ?" అంది మస్తానమ్మ.

పశువుల డాక్టరు స్కానింగు తీశాడు. "పిల్లల్లేవమ్మా. కాలేయం నుంచి గుండెకు పోయే రక్తనాళం ఇరుకైంది. రక్తం వెనక్కి తన్ని, నీరు పొట్టలోకి ఊరుతోంది" అన్నాడు. సూదితో కొంత నీరు తీసి, మందులిచ్చి, ఉప్పుచేప మానిపించాడు. "రోజూ పొట్ట కొలవండి. పెరిగితే వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు."

మొదట్లో కొలత నిలకడగానే ఉంది. పెరగడం మొదలవగానే మస్తానమ్మ నన్ను లాగసాగింది. "నిన్నటంతే ఉందిలే" అని తనకు తానే చెప్పుకునేది, ఫోనులో డాక్టరుకూ అదే చెప్పేది. నాకు నోరుంటే కడిగేసేదాన్ని!

ఓ ఉదయం జరీ తిండి ముట్టలేదు. నోరు తెరిచి ఆయాసపడుతోంది. మస్తానమ్మ నన్ను చుట్టి మళ్ళీ లాగబోయింది. జరీ గీరలేదు, కరవలేదు, ఆ వేళ్ళనే నాకింది. వేళ్ళు వదులయ్యాయి. అసలు అంకె చూసి, "నీ దగ్గర కూడా అబద్ధమాడానే, నా తల్లీ!" అని బావురుమంది. చెప్పులైనా వేసుకోకుండా ఆటో ఎక్కింది.

"ఒక్కరోజులో ఇంత పెరగదే. లాగి పట్టారా అమ్మా?" అన్నాడు డాక్టరు. ఆమె తల దించుకుంది. ఆయన నీరు తీశాడు. జరీ ఊపిరి కుదుటపడ్డాక, "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, మళ్ళీ ఊరుతుంది" అని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు జాకెట్లకు కొత్త టేపు వచ్చింది. నేను జరీ ఒక్కదానికే. పొద్దున్నే మస్తానమ్మ నన్ను ఆనీ ఆననట్టు చుట్టి, ఉన్న అంకె ఉన్నట్టు పైకి చదువుతుంది. అంకె పెరిగితే, కుట్టేది ఎవరి పెళ్ళి జాకెట్టయినా సరే, మిషను ఆపేసి జరీతో ఆటో ఎక్కుతుంది. నిన్న అలాగే ఆపింది. ఇవాళ ఆ మిషను మీదే జరీ కాళ్ళు చాపుకుని పడుకుంది, దాన్ని లేపలేక మస్తానమ్మ చేత్తో కుడుతోంది.