నిలవని గదికి సర్కారు ఫోను

పొద్దున్నే తలుపు తీసి, తామివాళ ఎక్కడున్నామో చూసుకోవడం కుట్టుపనావిడకు మొహం కడుక్కోవడం లాంటిదే. ఆ ఒంటిగది రోజూ తెల్లవారకముందే చోటు మారుతుంది మరి. ఒకరోజు చెప్పుల కొట్టు పక్కన, ఒకరోజు నీళ్ళ ట్యాంకు వెనక. పేటలో ఎవరూ ఆశ్చర్యపోరు. "ఇవాళ మా దండెం మీద ఎండ పడనివ్వలేదమ్మా మీ గది," అని విసుక్కుంటారు, అంతే.

ఇబ్బందల్లా ఫోనుతో వచ్చింది. లేనివాళ్ళకు సర్కారు సగం ఖర్చు భరించి ఇచ్చే ఫోను అది. ఏడాదికోసారి తనిఖీ మనిషి వచ్చి, చెప్పిన చిరునామాలో ఇల్లుందని రాసుకుపోవాలి. మూడుసార్లు వచ్చాడట. మూడుసార్లూ "ఇంటికి తాళం" అని రాశాడు. ఇల్లే లేని చోట తాళం ఎలా కనబడిందో ఆ మహానుభావుడికి, మీరే చెప్పండి!

ఆ రాత వల్ల ఇవాళ సాయంత్రం ఐదింటికి లైను కట్. అత్తగారి కళ్ళ ఆపరేషన్‌కి ఆస్పత్రివాళ్ళు ఈ వారమే ఫోను చేస్తామన్నారు. ఎత్తకపోతే పేరు జాబితా అడుగుకు పోతుంది, మళ్ళీ రెండేళ్ళు. అప్పటిదాకా ఆ కళ్ళలో ఉన్న కాస్త చూపూ నిలవదు.

ఫోన్ల ఆఫీసుకి బయల్దేరుతూ కుట్టుపనావిడ గోడను అరచేత్తో ఒక్కటి చరిచింది. "ఎప్పుడైనా పనికొచ్చే చోట నిలబడ్డావా నువ్వు?"

"గోడనెందుకే కొడతావు? పాపం, అది నిన్నేమైనా అందా?" అంది అత్తగారు.

"అంటే బాగుండు అత్తయ్యా. ఆ ఆఫీసులో ఎవరూ పలకను కూడా పలకరు."

ఆఫీసులో గుమాస్తా ఫైల్లోంచి తలెత్తలేదు. "చిరునామా నిలకడగా ఉండాలమ్మా."

"పదహారేళ్ళుగా అదే గది సార్. అది తిరుగుతుందని మీకూ తెలుసు కదా!"

"తెలియకేం, మొన్న నా స్కూటరు పెట్టుకునే చోటే ఆక్రమించింది. కానీ ఫారంలో దానికి గడి లేదు."

"అయితే ఒక గడి గీయండి, పెన్ను నేనిస్తాను!"

"దానికి పైనుంచి ఆర్డరు రావాలి. నా కళ్ళతో చూస్తే ముద్ర వేస్తాను. కానీ ఆఫీసు వదిలి రావడానికి నాకు వీల్లేదు."

ఒళ్ళు మండిపోతూ ఇంటికొస్తే ఇల్లు లేదు. పగటిపూట ఏనాడూ కదలనిది, అత్తగారితో సహా మాయం. పేటంతా గాలించింది. చెప్పు తెగింది. ఇక ఎటూ తోచక, "దేవుడా, నీకైనా కనిపిస్తోందా?" అనుకుంటూ ఒంటి చెప్పుతో నాలుగున్నరకి మళ్ళీ ఆఫీసు వీధిలోకే వచ్చింది.

ఆ చల్లని తండ్రికి కనిపించకపోవడమేమిటి! ఆఫీసు గుమ్మానికి ఎదురుగా, రెండు బారల దూరంలో, గది గొంతుక్కూర్చుని ఉంది. గడపలో అత్తగారు. ఆవిడ ముందు, టీకి వెళ్ళే దారి మూసుకుపోయిన గుమాస్తా.

"ఎవరయ్యా నువ్వు? వెలుతురుకి అడ్డం, జరుగు."

"ఆఫీసుకే ఇల్లు అడ్డం పెట్టి, నన్నంటారేమిటి మామ్మగారూ?"

గుమాస్తా గోడ తట్టి చూశాడు. తలుపు ఊపి చూశాడు. చూడలేదనడానికి ఇక వీల్లేక, లోపల్నుంచి ఫారం తెచ్చి, ఆ తలుపుకే ఆనించి ముద్ర గుద్దాడు. చిరునామా దగ్గర "ఆఫీసు ఎదురుగా" అని రాశాడు.

ఐదు దాటిన ఏడు నిమిషాలకు ఫోను మోగింది. కుట్టుపనావిడ రెండు చేతులా పట్టుకుని వింది.

"మంగళవారమట అత్తయ్యా. కుడి కన్ను ముందు."

గుమాస్తాను అనాలని దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. "లోపలికి రండి సార్, కూర్చోండి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"కూర్చోబెట్టకే పిచ్చిదానా," అంది అత్తగారు, "మళ్ళీ ఏ ఫారం అడుగుతాడో!"