టీ వేళ తీర్మానం

బడి గోడకానుకుని చెత్త డంపు వెలిసింది. ఆ కంపుకు తన ఆడపడుచు కొడుకు తరగతిలోనే వాంతి చేసుకున్నాడని తెలిసి, కౌన్సిలరమ్మ ఆవిడను వెంటబెట్టుకుని చైర్మన్ గదిలోకి దూసుకెళ్ళింది.

"ఏ బుద్ధిలేనివాళ్ళు ఒప్పుకున్నారండీ దీనికి?" అని నిలదీసింది.

చైర్మన్ కిందటి కౌన్సిల్ సమావేశం వీడియో పెట్టాడు. "బడి పక్క స్థలంలో చెత్త డంపుకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అని అతని గొంతే వినిపించింది. అందరికన్నా ముందు లేచిన చేయి కౌన్సిలరమ్మదే. అంతలో తెరమీద ఆ చేతికి టీ కప్పు అందింది. వెనక వరసల్లో చేతులన్నీ టీ ట్రే కోసమే లేచి ఉన్నాయి.

"ఏకగ్రీవమండీ," అన్నాడు చైర్మన్.

ఆడపడుచు ఆమె వంక తేరిపార చూసింది.

"టీ బాగుందా వదినా?"