గంజి పెట్టిన ఖాకీ

"స్నానానికి దిగి మునిగిపోయాడని రాయాల్సొస్తుందమ్మా," అన్నారు ఎస్సైగారు నా మొహం చూడకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన లాజరు, హెడ్‌ కానిస్టేబులు, మే నెల ఎండల్లో కూడా వేణ్ణీళ్లు కాస్తేగానీ చెంబు ముట్టని మనిషి. అలాంటివాడు ఆగస్టు వరదలో, వాగులో స్నానానికి దిగుతాడా?

"నిన్న నెమలి ఊరికి వెళ్లి సమన్లు ఇచ్చి రమ్మని మీరేగా పంపారు?" అన్నాను.

"పంపాను. కానీ పొద్దున పెనుగొలను దగ్గర శవం దొరికినప్పుడు ఒంటిమీద యూనిఫాం లేదు, బనీనూ డ్రాయరే ఉన్నాయి. డ్యూటీలో పోయాడని ఎంక్వయిరీలో తేలేదాకా సమాధి దగ్గర పోలీసు సెల్యూట్ ఇప్పించలేను."

అయిదింటికి సమాధి. అప్పటికే పదకొండయింది. శవం పక్కన కూర్చోమని మా ఆడపడుచు ప్రేమావతి చెయ్యి పట్టి లాగింది. కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే ఎటు వెళ్లాలో తోచడం లేదు. వాకిట్లో ఎవరో "తాగి దిగాడేమో" అని గొణిగారు. సారా వాసనకే ముక్కు మూసుకునేవాడు మా ఆయన! రేపు నా పిల్లలు తిరువూరు బజార్లో ఈ మాటే వినాలా?

"వదినా, ఎక్కడికి?" అంది ప్రేమావతి.

"చొక్కా వెతకడానికి."

ఆ ఖాకీ చొక్కా, నిక్కరు నేనే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తాను. బురద చేసుకొస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తాను. నిన్న పొద్దున కూడా అరిచాను. "ఈసారి నలిపి తెచ్చారో, మీరే ఉతుక్కోండి!" ఆయన నవ్వి, "చిత్తం టీచరుగారూ" అన్నాడు. అంత భయపడేవాడు దాన్ని నేలమీద పారేయడు. ఎక్కడో భద్రంగా పెట్టే దిగుంటాడు.

బస్సెక్కి, నెమలి దారిలో వాగు దాటే చప్టా దగ్గర దిగాను. వరద నీళ్లు తీశాయి. ఒడ్డునే మామిడితోట, అందులో కాపలా పాక. కాపలాదారు వెంకటప్పయ్య నన్ను చూసి లోపలికి తప్పుకోబోయాడు.

"ఆగు! పోలీసు బట్టలేవి?"

"నాకేం తెలవదండి."

"తెలవకపోతే నన్ను చూసి లోపలికెందుకు పోతున్నావు?"

పాకలోంచి అతని భార్య సుబ్బాయమ్మ వచ్చి నా కాళ్లమీద పడింది. దాని మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి.

"నాకోసమే దిగాడమ్మా ఆ బాబు. చప్టా మీద కాలు జారి కొట్టుకుపోయి, తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడతన్నాను. నన్ను ఒడ్డుకి తోసి ఆయన పోయాడు. పోలీసాయన మావల్ల చచ్చాడంటే మమ్మల్నే లోపలేస్తారని నోరు మూసుకున్నాం తల్లీ."

వెంకటప్పయ్య అటక మీంచి ఒక మూట దించాడు. తన కొత్త పంచెలో చుట్టి ఉంచాడు. "నాకు ఈత రాదండి. ఇవి నా చేతికిచ్చి, 'బురదంటితే మా ఆవిడ చంపుద్ది, జాగర్త' అని దూకాడండి."

చొక్కా జేబులో సమన్ల కాగితాలు కూడా తడవలేదు.

వాళ్లిద్దర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడం అయ్యాక సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకున్నాను. "పద. ఈ మాటే ఎస్సైగారికి చెప్పు. నిన్నెవరైనా ఏమైనా అంటే నేనున్నాను."

నాలుగింటికి మా వాకిట్లో నిలబడి అది ఏడుస్తూ అంతా చెప్పింది. ఎస్సైగారు తను రాసిన కాగితం చింపేశారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "సెల్యూట్ ఇస్తామమ్మా. ముందు ఆ బట్టలు తొడిగించండి" అన్నారు.

చొక్కా విప్పాను. గంజి గంజిలాగే ఉంది. ఒక్క మడతా చెదరలేదు. ఈ పదకొండేళ్ల కాపురంలో నా మాట ఇంత బాగా ఎప్పుడూ వినలేదు మహానుభావుడు. రెండు గుప్పిళ్లతో దాన్ని పట్టుకుని కసిదీరా నలిపాను.

"అయ్యో వదినా, అదేంటి?" అంది ప్రేమావతి.

"నలగనీ," అన్నాను. "ఇంకెప్పుడూ అరవనని చెప్పు మీ అన్నయ్యకి."