వాన కోసం ఫా ఊరేగింపు

ఆ ఏడు నారుమళ్లు నెర్రెలిచ్చినా వాన జాడ లేదు. కొరాట్ సీమలో పిమాయ్ పక్కనున్న మా ఊళ్లో అలాంటప్పుడు ఆడ పిల్లిని బుట్టలో కూర్చోబెట్టి, పాటలు పాడుతూ ఊరేగిస్తారు. గడప గడపకీ దానిమీద నీళ్లు చిలకరిస్తారు. అందుకు మా నేలమీద పుట్టిన కొరాట్ జాతి పిల్లి మాత్రమే కావాలి. ఒళ్లంతా మబ్బు రంగు, వెంట్రుకల కొసల్లో వెండి మెరుపు, లేత వరి ఆకులాంటి కళ్లు. వానా పంటా రెండూ దాని ఒంటిమీదే ఉన్నాయని మా నమ్మకం.

అలాంటి ఆడ పిల్లి ఊళ్లో ఒక్కటే మిగిలింది, పక్కింటి సంగ్వాన్ పిన్ని పెంచుకునే ఫా. పెళ్లికూతురికి ఈ పిల్లుల జంటనివ్వడం మా ఆనవాయితీ. పిన్ని వాళ్లమ్మ తన జంటను చిన్నకూతురైన పిన్నికే ఇచ్చింది. ఫా ఆ జంట సంతతే. తనకివ్వలేదని పెద్దకూతురు సమ్నియాంగ్ అలిగి, ఎదురింట్లో ఉంటూనే చెల్లెలితో మాటలు మానేసింది. ఊరేగింపులో పాట ఎత్తుకునేది మాత్రం ఆవిడే.

ఊరిపెద్ద బుట్ట తెచ్చాడు. ఫా ఒక్క మనిషికే అంటుకునే రకం, చప్పుడంటే అసలు పడదు. డప్పు మోగగానే ఆయన చెయ్యి గీరి, వెళ్లి పిన్ని భుజమెక్కింది.

"చెల్లెమ్మా, బుట్ట నువ్వే పట్టుకోవాలి," అన్నాడాయన పిన్నితో.

"మా అక్క పక్కన నడవాలా? నా వల్ల కాదు."

"మీ అలకలు తర్వాత! ముందు వాన రానివ్వండమ్మా."

అలా అక్కాచెల్లెళ్లు పక్కపక్కన నడిచారు, ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ చూస్తూ. ఫా బుట్టలో గుడ్లురుముతూ కూర్చుంది. తన గడప రాగానే సమ్నియాంగ్ పాట ఆపి, చెంబు నిండా నీళ్లు తీసి, నిదానంగా చెల్లెలి నెత్తిన గుమ్మరించింది. డప్పు ఆగిపోయింది.

"పిల్లిమీద పొయ్యమంటే నామీద పోస్తావేంటే అక్కా?"

"ఎన్నేళ్లనించో పోద్దామనుకుంటున్నా. ఇవాళ కుదిరింది!"

పిన్ని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి బుట్ట ఊగింది. ఫా తడిసిన యజమానురాలిని వదిలేసి, పొడిగా ఉన్న సమ్నియాంగ్ చేతుల్లోకి దూకి, మెడ దగ్గర ముఖం దూర్చేసింది.

"చూశావా, నీకంటే దీనికే బుద్ధుంది," అంది సమ్నియాంగ్. అంటూనే దాన్ని గుండెకి హత్తుకుంది.

"అయితే ఈసారి కాన్పులో మొదటి జంట నీదే."

"మొదటిది కాదు, నాకు నచ్చింది ఏరుకుంటా."

"అబ్బో, ఇంకా అలకే!"

వాన ఆ రోజు రాలేదు, ఆ వారమంతా రాలేదు. వచ్చాక మాత్రం దంచి కొట్టింది. ఎదురెదురు ఇళ్ల మధ్య మోకాల్లోతు బురదైనా, అక్కాచెల్లెళ్లు పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.