కారుకు ఒక కన్ను చాలు

జూన్ పన్నెండో తేదీ, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పెద్దమ్మాయి ఇంటి ముందు పీట వేసుకుని కూర్చుని, కారు కుడి హెడ్‌లైటు చుట్టూ కాగితపు టేపు అంటించడం మొదలుపెట్టింది. టైము ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం, టేపు చుట్ట అందించిన తమ్ముడు వాచీ చూసుకుని, "తొమ్మిదింటికల్లా రెండూ అయిపోవాలి" అనడమే. అతను పనిచేసే చెప్పుల కొట్టుకు బుధవారం సెలవు. సెలవు రోజున అతను పనులు చేయడు, చేయిస్తాడు.

అయినా ఆ పని ఆమెకు అప్పగించడంలో న్యాయం లేకపోలేదు. పెద్దమ్మాయి ఇంట్లోనే పుస్తకాలకు బైండింగు చేస్తుంది. అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది నున్నచేయడం ఇరవై ఏళ్ళుగా ఆమె చేతికి అలవాటు. పైగా నోట్లో నాలుక లేని మనిషి, ఏం చెప్పినా కాదనదు.

కారు నాన్నది. ఆయన బతికున్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం నాలుగూ నలభైకి బయలుదేరి, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఆరబెట్టే అమ్మను ఐదింటికి ఎక్కించుకుని వచ్చేవాడు. ఆయన పోయిన మూడో వారం, ఇంట్లో ఎవరికీ వేళాపాళా గుర్తులేని ఒక రోజున, నాలుగూ నలభై కాగానే కారు తనంతట తనే కదిలి, గేటు దాటి వెళ్ళి, అమ్మను తీసుకొచ్చింది. "మర్యాద తెలిసిన బండి" అంది అమ్మ దిగుతూ. ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడుకున్నది లేదు. వేళకు గేటు తీసిపెట్టడం మాత్రం తమ్ముడి భార్య అయిన మరదలి వంతు అయింది.

ఎనిమిదేళ్ళు అలా సాఫీగా గడిచాక కారుకు చూపు తగ్గింది. హెడ్‌లైట్ల మీది ప్లాస్టిక్కు ఎండకు పసుపెక్కి, ఆపైన పాలు పోసినట్టు మసకబారింది. అమ్మ యూనిఫారం బూడిద రంగు కోటు. ఒకనాడు బూడిద రంగు పోస్టు డబ్బా ముందు ఆగి, తలుపు తెరుచుకుని, ఎక్కమని గంటసేపు హారను కొట్టింది. ఇంకోనాడు ఎవరో స్కూలు వాచ్‌మన్‌ను తీసుకొచ్చింది. ఆయన డ్యూటీ దిగాడు కాబట్టి సరిపోయింది. ఫిబ్రవరి నుంచి మాత్రం దానికి రోజూ ఒకే మనిషి దొరికాడు.

ఆయన లాండ్రీ వెనక వీధిలో కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఇంట్లో అందరికీ ఆయన పళ్ళాయన. నలభై దాటినవాడు, ఒంటరివాడు, బూడిద రంగు కోటు, చేతిలో పళ్ళ సెట్లున్న సంచీ. మొదటిరోజు గుమ్మంలో నిలబడి, "క్షమించండి. తలుపు తీస్తే ఎక్కాను. దిగుదామంటే ఆగలేదు" అన్నాడు. పెద్దమ్మాయి టీ ఇచ్చింది. తాగి, ఆరింటి బస్సుకు వెళ్ళిపోయాడు. అమ్మ ఏమో లాండ్రీ గేటు దగ్గరికి వచ్చేసరికి వెళ్ళిపోతున్న కారు వెనక లైట్లే చూసేది. అవి మాత్రం శుభ్రంగా ఉండేవి. ఆరుంబావుకు బస్సు దిగి, మోకాళ్ళు పట్టుకుని ఇల్లు చేరేది. అలా నాలుగు నెలల్లో వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అమ్మ లెక్కలో ఆయన "నా సీట్లో కూర్చునేవాడు", అంతే.

రెండోవారం ఆయన వీపు అట్ట ఊడిన, దంతాల బొమ్మలున్న పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. "ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"జిగురు ఆరాలండీ" అంది పెద్దమ్మాయి.

ఆనాటి నుంచి ఆయన రోజూ అడిగేవాడు, ఆరిందా అని. ఆమె రోజూ చెప్పేది, ఇంకా ఆరలేదని. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. బకెట్లో నీళ్ళు సైతం ఇగిరిపోయే మే నెలలో కూడా ఆ జిగురు ఆరలేదు.

నిన్న సాయంత్రం అమ్మ మెట్లు ఎక్కలేక మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయింది. "దాని చూపన్నా బాగుచేయండి, లేదా దాన్ని అమ్మేయండి" అంది. కారుకు చూపు వస్తే అమ్మ మోకాళ్ళకు సుఖం. కారుకు చూపు వస్తే పళ్ళాయన ఇక రాడు. పెద్దమ్మాయి దేవుడికి దణ్ణం పెట్టుకుంది గానీ, ఫలానాది కావాలని అడగడానికి నోరు రాలేదు. అమ్మ మోకాళ్ళకు పోటీగా ఏం అడుగుతుంది?

"ముందు ఎనిమిది వందల నంబరు కాగితం" అని తమ్ముడు ఫోన్లో చూసి చదువుతున్నాడు. "తర్వాత పదిహేను వందలు, చివర రెండు వేలు. నంబరు పెరిగేకొద్దీ నున్న. తడి ఆరనివ్వకు."

"ఇరవై ఏళ్ళుగా రుద్దుతున్నాన్రా."

"అవి పుస్తకాలక్కా. ఇవి కళ్ళు."

పది నిమిషాలు రుద్దేసరికి లైటు ఇంకా తెల్లగా, ఉడికించిన గుడ్డులా అయింది. మరదలు చేటతో సహా బయటికి వచ్చి చూసింది.

"ఏవండీ, ఉన్న చూపు కాస్తా తీసేశారు. ఇవాళ ఎందర్ని ఎక్కించుకొస్తుందో ఏమో. ఎంతమందికి వండమంటారు?"

"అలాగే అవుతుందట. బాగుపడేముందు పాడవుతుందట."

"మీ గురించి మా అమ్మ కూడా పెళ్ళయిన కొత్తలో ఇదే మాట చెప్పింది. పదేళ్ళయింది."

తమ్ముడు ఫోన్లో చూసి తర్వాతి నంబరు చదివాడు. పెద్దమ్మాయి కాగితం మార్చింది. బకెట్లో నీళ్ళు పాలలా అయ్యాయి. పదకొండు గంటలకు, చివరి మెరుగు పట్టి గుడ్డతో తుడిస్తే, లోపలి బల్బు, దాని వెనక వెండి గిన్నె లాంటి డొప్ప, అన్నీ కొత్త పెళ్ళికూతురి ముఖంలా కనబడ్డాయి. ఆ లైటు ఒకసారి రెప్ప వేసినట్టు ఆరి వెలిగి, నేరుగా మరదలి ముఖం మీద ఆగింది.

"ఏంటి వదినా, నన్నిప్పుడే చూసినట్టు చూస్తోంది?"

"ఇప్పుడే చూస్తోందేమో."

"సరే, రెండోది పట్టు" అన్నాడు తమ్ముడు.

పెద్దమ్మాయి ఎడమ లైటు ముందుకు పీట జరుపుకుంది. తడి చేయి ఒడిలో తుడుచుకుంది.

"రెండు వేల నంబరు అయిపోయిందిరా."

"నీ బైండింగు పెట్టెలో ఉంటుందిగా?"

"అక్కడా లేదు."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన అబద్ధాల్లో, జిగురును మినహాయిస్తే, ఇదే మొదటిది. మరదలు "నే చూసొస్తానుండండి" అని లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసింది. దంతాల పుస్తకం కింద రెండు వేల నంబరు కాగితాలు ఆరు, కొత్తవి, వరసగా ఉన్నాయి. పుస్తకం వీపు మీద వేలు పెట్టి చూసింది. రాయిలా ఉంది. మూత పెట్టేసి బయటికి వచ్చింది.

"ఒక్కటీ లేదండీ."

బజారంతా బుధవారం సెలవు. తమ్ముడు రేపు పొద్దున్నే తెస్తానన్నాడు. కుడి లైటుకు మాత్రం, మళ్ళీ మసకబారకుండా కాపాడే పూత వేసి నాలుగింటిదాకా ఎండనిచ్చారు.

నాలుగూ నలభైకి కారు కదిలింది. గేటు దగ్గర ఆగి, ఒక కంటికి ఒకటి, రెండో కంటికి ఇంకొకటి తోచినట్టు అటూ ఇటూ ఊగి, వెళ్ళిపోయింది. ఐదూ ఇరవైకి రావాలి. రాలేదు. పెద్దమ్మాయి టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి దించింది. మళ్ళీ పెట్టింది.

"ఎన్ని కప్పులు, వదినా?" అంది మరదలు.

"తెలీదమ్మా."

ఐదూ నలభైకి వచ్చింది. ముందు సీట్లో అమ్మ ఉంది. వెనక సీట్లో సంచీ గుండెకు హత్తుకుని పళ్ళాయన ఉన్నాడు.

"నా దగ్గర ఆగింది, ఎక్కాను" అంది అమ్మ, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. "పది గజాలు వచ్చి మళ్ళీ ఆగి వెనక తలుపు తీసింది. ఇతను ఎక్కనంటాడు, అది కదలనంటుంది. చూసి చూసి నేనే ఎక్కమన్నాను. మంచివాడే. రెండేళ్ళుగా గుచ్చుకుంటున్న నా కట్టుడు పన్నును దారిలోనే ఆకురాయితో అరగదీసి ఇచ్చాడు."

పళ్ళాయన నిలబడే ఉన్నాడు. అమ్మ కుర్చీలో కూర్చుని ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"బాబూ, మా లాండ్రీ దగ్గర నువ్వెక్కే బస్సు ఏది?"

"ఏడో నంబరండీ."

"ఏడో నంబరు రోడ్డుకు అవతల ఆగుతుంది కదా. నువ్వు ఇవతల నిలబడుతున్నావేం?"

ఆయన జవాబు పళ్ళ సెట్ల మధ్య ఎక్కడో పడిపోయినట్టు సంచీలోకి చూశాడు. అమ్మ ఇటు తిరిగింది.

"అమ్మాయీ, ఈయన పుస్తకం ఎంతవరకు వచ్చింది?"

"జిగురు ఇంకా..."

"నలభై ఏళ్ళుగా తడి ఆరబెడుతున్నదాన్నే నేను. మే నెలలో ఆరని జిగురు ఈ భూమ్మీద లేదు."

పెద్దమ్మాయి ముఖం కుడి లైటు కన్నా ఎక్కువగా వెలిగింది. మరదలు పళ్ళెంలో టీ తెచ్చింది. సరిగ్గా ఐదు కప్పులు. ఆ సాయంత్రం పళ్ళాయనకు ఆరింటి బస్సు తప్పింది. ఏడింటిది కూడా తప్పింది.

మర్నాడు పొద్దున తమ్ముడు కొత్త కాగితం కొనుక్కొచ్చి, ఎడమ లైటుకు టేపు అంటిస్తుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"వదిలేయ్. కుడి కంటికి నేను కనబడుతున్నాను. దానికి ఒక కన్ను చాలు."

"వదిలేస్తే ఇంకా మసకబారుతుందమ్మా. పూత లేని లైటు ఎండకు నెలనెలా పాడవుతుందట."

"ఎండకా?" అంది అమ్మ.

ఆ మాట మీదే నలుగురూ కారును తోయడానికి దిగారు. నాలుగూ నలభై లోపల అది ఎవరి మాటా వినదు. అమ్మ స్టీరింగు పట్టుకుంది, తమ్ముడు గొణుక్కుంటూ వెనక నుంచి తోశాడు, ఆడపడుచూ మరదలూ చెరోపక్క చేయి వేశారు. ప్రహరీ నీడ కుడి లైటు మీద పడేలా, ఎడమ లైటుకు పొద్దస్తమానం ఎండ తగిలేలా తిప్పి నిలబెట్టారు.

పెద్దమ్మాయి లోపలికి వెళ్ళి దంతాల పుస్తకాన్ని పెట్టెలోంచి తీసి, కాగితంలో చుట్టి తెచ్చి, వెనక సీటు మీద పెట్టింది. తలుపు వేయబోతుంటే కారే వేసుకుంది.