కప్పులో చెంచా

ఉత్తరాన సముద్రం ఒడ్డున, మా వైపు, టీ కప్పు పక్కన చెంచా పెడతారు గానీ దానితో టీ కలపరు. కప్పులో కలకండ ముక్క వేసి, దాని మీద వేడి టీ పోసి, అది చిటపటలాడుతుంటే అంచున కాస్త మీగడ జార్చి అలాగే తాగుతారు. చెంచా పని వేరు. ఇక చాలనుకున్నవాళ్ళు దాన్ని కప్పులో పెట్టాలి. పెట్టేదాకా పోసేవాళ్ళు పోస్తూనే ఉంటారు.

ఈ సంగతి తెలియకే ఆలోయిస్ నాకు దొరికాడు. ఎక్కడో దక్షిణాన కొండల్లోంచి మా అమ్మ ఇంటి పెంకులు మార్చడానికి వచ్చాడు. అమ్మ పోస్తూనే ఉంది, వద్దంటే ఏమనుకుంటుందోనని అతను తాగుతూనే ఉన్నాడు. తొమ్మిదో కప్పుకి మొహం పాలిపోయింది. నేను నవ్వాపుకోలేక వెళ్ళి అతని కప్పులో చెంచా పెట్టేశాను.

"బతికించావు తల్లీ!" అన్నాడు.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు అతని చెంచా నేనే పెట్టాను. అతనికి చేతకాక కాదు. నాలుగో కప్పు అయ్యాక నా వంక చూసేవాడు, నేను పెట్టేదాన్ని. మా ఇద్దరికీ అదో సరదా. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. కరకట్ట కింద ఇల్లు కొని ఇద్దరి పేర్లూ రాయించుకున్నాం. పెళ్ళి కంటే ఇల్లే గట్టిదనుకున్నాం, మా తెలివి అలా ఏడ్చింది.

పోయిన ఏడు ఆపిల్ పళ్ళు కోసే రోజుల్లో అతను గెజీనె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడదీ మా వైపే, ఎమ్డెన్ ఊరు. ఇంట్లో తన సగం వాటా నాకు రాసిచ్చేస్తానని, దస్తావేజులోంచి తన పేరు తీయించుకోమని అతనే కబురు పెట్టాడు. ఒక్క మాటైనా వాదించలేదు. వాదించి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

నవంబరు వానలో నోటరీ హార్మ్స్ గారి ఆఫీసుకి వెళ్ళాను. గుమ్మంలోనే ఫ్రౌకే ఎదురైంది. ఆయన దగ్గర గుమాస్తా, నాతో బళ్ళో చదివింది.

"ఒసే టోమ్కే, తడిసిన కోడిలా ఉన్నావేంటే?"

"ఈ వానలో నెమలిలా రమ్మంటావా?"

లోపల ఆలోయిస్ అప్పటికే టీ కప్పు ముందు కూర్చుని ఉన్నాడు. కొత్త స్వెట్టరు. నాకు తెలియని బట్ట అతని ఒంటి మీద చూడటం అదే మొదటిసారి.

"బాగున్నావా?" అన్నాడు.

"ఇల్లు బాగుంది. ఎక్కడా కారట్లేదు."

"నేను పరిచిన పెంకులు కదా!" అని నవ్వాడు.

ఆ నవ్వు ఏం మారలేదు. ఒళ్ళు మండింది, అయినా చూపు తిప్పుకోలేకపోయాను. అప్పుడే నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇవాళ నాలుగో కప్పు తర్వాత అతను నా వంక చూస్తే చెంచా పెడతాను, సంతకం మాత్రం పెట్టను. ఇంటికి పోదాం పద అంటాను. యాభై మూడేళ్ళ ఆడది ఇలాంటి ఒట్లు పెట్టుకోవడం సిగ్గుచేటే. కానీ ఆ మనిషి నాకింకా కావాలి, ఏం చేయను?

మా దగ్గర ఇల్లు చేతులు మారాలంటే నోటరీయే దస్తావేజంతా మా ముందు పైకి చదవాలి. ఒక్క ముక్క వదిలినా చెల్లదు. హార్మ్స్ గారు రైలు తప్పిపోతుందన్నట్టు చదువుతారు. ఇల్లు కొన్ననాడు కూడా ఇదే గదిలో ఆయనే చదివారు. ఆ రోజు మేమిద్దరం బల్ల కింద చేతులు పట్టుకుని, నవ్వు బయటికి రాకుండా నానా తంటాలూ పడ్డాం. ఇవాళ ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఒక్క నిమిషం," అన్నాను. "ఇతని పేరు పూర్తిగా పోతుందాండీ?"

"పోవడమేంటమ్మా?" ఆయన కళ్ళజోడు తీశారు. "భూమి రిజిస్టరులో మనం ఏదీ చెరపం. పేరు కింద ఎర్రగీత పడుతుంది. ఇక చెల్లదని అర్థం. చదవాలంటే ఎప్పుడైనా చదువుకోవచ్చు."

"అంటే నన్ను వదిలించుకోలేవన్నమాట," అన్నాడు ఆలోయిస్.

"నువ్వు నోర్మూసుకుని టీ తాగవయ్యా," అంటూ ఫ్రౌకే అతనికి మూడో కప్పు, నాకు రెండోది పోసింది.

ఆయన మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నా చూపంతా ఆ కప్పు మీదే ఉంది. నాలుగోది పోసింది. కలకండ చిటపటలాడింది. మెల్లగా తాగాడు, ఎప్పటిలాగే చివరి గుక్కకి కళ్ళు మూసుకున్నాడు. ఫ్రౌకే మళ్ళీ టీ కూజా ఎత్తింది.

నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి బల్ల మీదికి వెళ్ళింది.

ఆలోయిస్ నా వంక చూడలేదు. కాగితం మీద నుంచి కళ్ళైనా ఎత్తకుండా చెంచా తీసి, చప్పుడు లేకుండా తన కప్పులో పెట్టుకున్నాడు.

"అమ్మయ్య! ఇన్నేళ్ళకి చెయ్యొచ్చిందయ్యా నీకు!" అంది ఫ్రౌకే.

"గెజీనె ఊరుకోదు కదా. ఎవరి చెంచా వాళ్ళే పెట్టుకోవాలంటుంది," అన్నాడు నవ్వుతూ. అతనికి నన్ను బాధపెట్టాలని లేదు. అసలు ఏం గుర్తున్నట్టే లేదు.

బల్ల మీదికి చాచిన చేత్తోనే పెన్ను అందుకున్నాను.

"ఇంకేమైనా అడగాలా అమ్మా?" అన్నారు హార్మ్స్ గారు.

"లేదండీ."

సంతకం పెట్టాను. అతనూ పెట్టాడు. "వస్తా టోమ్కే, జాగ్రత్త," అని కోటు తొడుక్కుని వానలోకి వెళ్ళిపోయాడు. హార్మ్స్ గారు కాగితాలు తీసుకుని పక్క గదిలోకి నడిచారు.

నేను లేవలేదు. ఫ్రౌకే నా కప్పులోకి చూసింది, నా మొహంలోకి చూసింది. నా చెంచా ఇంకా పక్కనే ఉంది. ఆమె ఇంకో కప్పు పోసింది, నేను తాగాను.