చెయ్యి అన్నప్పుడల్లా

నేను ఒక టోపీని. ఎండకూ చలికీ పనికిరాను. సాగే గుడ్డకు చిల్లులు పెట్టి, చిల్లుకో లోహపు బిళ్ళ, బిళ్ళకో తీగ తగిలించి నన్ను తయారుచేశారు. తల మీద కూర్చుని మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును వినడం నా పని. నేను విన్నది తెర మీద గీతలవుతుంది. విని విని నాకు కుదురు లేకుండా పోయింది. మనుషులు నోరు మూసుకున్నంత మాత్రాన ఊరుకున్నారనుకోకండి, లోపల సంతే.

ఆస్పత్రి పరిశోధన గదిలో పనిచేసే హసీనా చేతిలో పడ్డాను. కండరాలకు ఆజ్ఞలు మోసే నరాలు చచ్చిపోయే జబ్బు ఒకటుంది. ఆ జబ్బున్నవాళ్ళ మెదడు భాగాల మధ్య రాకపోకలు ఎలా మారుతున్నాయో ఆమెకు తెలియాలి.

ఒకరోజు శౌరి వచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల మీద పువ్వులూ పేర్లూ వేసిన పెయింటర్. ఇప్పుడు చేతులు లేవవు, మాట రాదు. చక్రాల కుర్చీ తోసుకొచ్చిన అక్క ఇన్నమ్మ, ఆస్పత్రికి నీటుగా తీసుకురావాలని అతని తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి పాపిడి తీసింది. నూనె తల దొరికితే నాకు చెవుల్లో దూది పెట్టినట్టే. హసీనా నవ్వు ఆపుకుంటూ షాంపూతో రుద్ది కడిగి, నన్ను తొడిగింది.

"బెల్ మోగినప్పుడల్లా కుడిచేత్తో కుంచె పట్టినట్టు అనుకోండి," అంది.

బెల్ మోగింది. చెయ్యి కదల్లేదు. ఇన్నమ్మకు ఓపిక చాల్లేదు.

"చెయ్యి! మనసు పెట్టి చెయ్యరా! ఇంట్లోనూ ఇంతే మేడమ్, ప్రయత్నమే మానేశాడు."

ఈ భాషలో హస్తమూ చెయ్యే, ఆజ్ఞా చెయ్యే. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా ఆ తలలో కలకలం రేగింది. ఒక మూల ఇంకో మూలను కేకేస్తోంది, అది మరోదాన్ని తట్టి లేపుతోంది. జబ్బు లేని తలల్లో కూడా ఇన్ని పిలుపులు నేను వినలేదు. మానేశాడట! నాకు ఒళ్ళు మండిపోయింది. చెబుదామంటే నోరు లేదు.

హసీనా ఆమెను కాసేపు ఊరుకోమని, మళ్ళీ బెల్ మోగించి, తెర దగ్గరికి పిలిచింది. "బెల్ మోగగానే గీతలు ఎలా మారాయో చూడండమ్మా. మీ తమ్ముడు ప్రతిసారీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. లోపల మామూలుకంటే ఎక్కువ హడావిడే ఉంది. చేతికి వెళ్ళే దారే పాడైంది."

"మానలేదా?" ఇన్నమ్మ తెర మీదికి వంగింది. "ఇన్నాళ్ళూ ఊరికే తిట్టిపోశానే వీణ్ణి!"

శౌరి కన్నీళ్ళు జారి నా గడ్డంపట్టీ తడిసింది.

హసీనా నన్ను తీసి, కడిగి, కొక్కేనికి తగిలించింది. అక్కణ్ణుంచే చూశాను. ఇన్నమ్మ తువ్వాలుతో తమ్ముడి తల తుడిచి, ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకేమీ చెయ్యొద్దులేరా," అంది. "నీ చెయ్యి ఇలా నా దగ్గర ఉండనీ."

ఆ క్షణాన ఆ తలలో ఏం రేగిందో వినాలని ఎంత కొట్టుకున్నానో! నేనేమో కొక్కేనికి వేలాడుతూ నీళ్ళు కారుస్తున్నాను.